‘సిన్స్ త్రీ ఇయర్స్’ అంటే తప్పేంటి? బేసిక్ గ్రామర్ దగ్గరే ఇరుక్కుపోయాను

మొదటిమెట్టు
అందరికీ నమస్కారం. నా చదువంతా తెలుగు మీడియం. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, రాయాలంటేనే చెయ్యి ఆడదు. మొన్న ఆఫీసు మెయిల్లో ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాశాను. మేనేజర్ దాన్ని ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని దిద్ది తిప్పి పంపారు. ఆయన ఏమీ అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి గ్రామర్ పుస్తకం తీస్తే మొదట్లోనే పన్నెండు టెన్సుల పట్టిక. చూడగానే టెన్షన్ వచ్చి మూసేశాను. నా వాక్యంలో తప్పేంటో ఎవరైనా తెలుగులో విడమరిచి చెప్తారా? ‘రూల్ అంతే’ అని మాత్రం అనకండి, దండం పెడతాను.

గాలిపటం77
బ్రో, గ్రామర్ వదిలెయ్. తెలుగు వ్యాకరణం చదివే మనం తెలుగు మాట్లాడుతున్నామా? సినిమాలు చూడు, వినబడ్డది వినబడ్డట్టు అను. అదే వస్తుంది.

పాతపలక
గాలిపటం గారి మాట సగం నిజం. తెలుగు అలాగే వచ్చింది, కానీ పుట్టినప్పటి నుంచి పొద్దస్తమానం చెవిలో పడితే వచ్చింది. పెద్దయ్యాక ఇంకో భాష నేర్చుకునేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? పైగా తెలుగు అప్పటికే లోపల తిష్ఠ వేసి ఉంటుంది. మనం చేసే తప్పుల్లో చాలావాటిని ఆ తెలుగే చేయిస్తుంది. మొదటిమెట్టు గారూ, మీ వాక్యాన్నే చూడండి.

‘2019 నుంచి పనిచేస్తున్నాను’ అంటాం. ‘మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అని కూడా అంటాం. రెండింటికీ ఒకే ‘నుంచి’. ఇంగ్లీషుకు ఆ సర్దుబాటు లేదు. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’, ఎంతకాలం నడిచిందో చెబితే ‘ఫర్’.

నేను పిల్లలకు చెప్పే చిట్కా ఒకటుంది. ‘నుంచి’ తీసేసి ఆ చోట ‘మొదలుకొని’ పెట్టి చూడండి. ‘2019 మొదలుకొని’ కుదిరింది. ‘సోమవారం మొదలుకొని’ కుదిరింది. ‘చిన్నతనం మొదలుకొని’ కూడా కుదిరింది. ‘మూడేళ్లు మొదలుకొని’ అని ఎవరైనా అంటారా? కుదిరిన చోటల్లా సిన్స్, కుదరని చోట ఫర్.

ఇక రెండోది. ఎంతకాలంగానో చెప్పేటప్పుడు కూడా మనకు ‘పనిచేస్తున్నాను’ సరిపోతుంది. ఇంగ్లీషులో ‘యామ్ వర్కింగ్’ ఈ క్షణానికి, ఈ రోజుల్లోకి మాత్రమే చాలుతుంది. వెనక మొదలై ఇప్పటిదాకా సాగిందని చెప్పాలంటే ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాల్సిందే. మీ మేనేజర్ దిద్దింది ఈ రెండే.

మొదటిమెట్టు
మాస్టారూ, ‘మొదలుకొని’ చిట్కా అదిరింది. పదేళ్లు బడిలో ‘పాయింట్ ఆఫ్ టైమ్, పీరియడ్ ఆఫ్ టైమ్’ అని బట్టీ పట్టాను, ఒక్కసారీ బుర్రకెక్కలేదు.

సందేహాలపుట్ట
మీరంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి నాదీ ఒకటి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ తప్పంటారు. ఎందుకు? నిన్న చూశాను కదా, చూడటం అయిపోయింది కదా?

వేపచెట్టు
అయిపోయింది కాబట్టే తప్పు.

‘చూశాను’ అనే ఒక్క మాటతో మనం రెండు పనులు చేసేస్తాం. నిన్న, పోయిన వారం, 2015లో అని అయిపోయిన సమయం పేరు చెప్పారా, ఇక ‘ఐ సా హిమ్’లోని ‘సా’ తప్ప ఇంకోటి కుదరదు. ఎప్పుడన్నది పక్కనపెట్టి ఆ పని తాలూకు ఫలితం ఇప్పుడు చేతిలో ఉందని చెబుతుంటే ‘హ్యావ్ సీన్’.

తాళంచెవి పోయి తలుపు బయట నిలబడ్డారనుకోండి. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’ అంటారు. పోయింది, ఇప్పటికీ లేదు, అందుకే ఇక్కడ నిలబడ్డాను అని అందులోనే ఉంది. ‘ఐ లాస్ట్ మై కీ యెస్టర్డే’ అంటే నిన్న జరిగిన ముచ్చట చెబుతున్నారంతే. ఆ తర్వాత దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. అమెరికా వాళ్లు ‘ఐ జస్ట్ సా హిమ్’ అని సింపుల్ పాస్ట్‌తోనే కానిచ్చేస్తారు, ఆ గొడవలోకి ఇప్పుడు పోవద్దు.

రాత్రిచదువు
నా రోగం వేరే. నోరు తెరిస్తే ‘విల్’ వస్తుంది. ‘ఐ విల్ కమ్ డైలీ ఎట్ నైన్’, ‘ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్’. ఒకసారి ఇంటర్వ్యూలో హాబీలు అడిగితే ‘ఐ విల్ రీడ్ బుక్స్’ అన్నాను. ‘ఎప్పటి నుంచి మొదలెడతారు?’ అని నవ్వాడాయన. ఎందుకు నవ్వాడో బయటికొచ్చాక కూడా అర్థం కాలేదు.

పాతపలక
మీకు ఆ ‘విల్’ని ఇస్తున్నది మన క్రియల చివర వచ్చే ‘తాను’. ‘రోజూ తొమ్మిదింటికి వస్తాను’, ‘రేపు వస్తాను’. అలవాటుకూ వస్తానే, రేపటికీ వస్తానే. ‘పుస్తకాలు చదువుతాను’ అని లోపల తెలుగులో అనుకున్నారు, దాన్ని భవిష్యత్తు చేసేసి ‘విల్ రీడ్’ అన్నారు. ఆయనకు అది ‘ఇకముందు చదువుతాను’ అని వినబడింది.

మన వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని ఇంకోటి ఉంది. ఎప్పుడూ జరిగేది, స్వభావం, అలవాటు దాని కిందికి వస్తాయి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. కుక్క మొరుగుతుంది. ఇంగ్లీష్ వాళ్లు ‘సింపుల్ ప్రెజెంట్’ అంటున్నది ముఖ్యంగా ఈ తద్ధర్మాన్నే. ప్రెజెంట్ అనే పేరు చూసి ‘ఇప్పుడు’ అనుకుంటే మునిగిపోతాం. ఇప్పుడు జరుగుతున్నదానికి ఉన్నది ‘ఐ యామ్ రీడింగ్’. ‘ఐ రీడ్’ అంటే నాకు చదివే అలవాటుంది అని.

వాక్యంలో ‘రోజూ’ గానీ ‘సాధారణంగా’ గానీ పెట్టి చూసి, పడితే ‘విల్’ తీసెయ్యండి.

గాలిపటం77
తద్ధర్మం! బడి మానేశాక మళ్లీ ఇక్కడ విన్నాను ఆ మాట. సరే, నేనూ కూర్చుంటున్నా. మరి పన్నెండు టెన్సులూ నేర్చుకోవాలా?

వేపచెట్టు
పన్నెండనేది బడిపుస్తకాల లెక్క. క్రియ రూపం మారడం వరకే చూస్తే ఇంగ్లీషుకు ఉన్నవి రెండే టెన్సులు, ‘గో’ వైపు ఒకటి, ‘వెంట్’ వైపు ఒకటి. భవిష్యత్తుకు ప్రత్యేక రూపమే లేదు, ‘విల్’ తగిలించి గడుపుకుంటారు. మిగతావన్నీ ‘హ్యావ్’, ‘బీ’లతో కట్టిన కూర్పులు. మొదలెట్టేవాళ్లు గోస్, ఈజ్ గోయింగ్, వెంట్, హ్యాజ్ గాన్, విల్ గో అనే ఐదింటి మీద పట్టు తెచ్చుకుంటే రోజువారీ మాటలకు చాలా దూరం వెళ్తాయి. ‘విల్ హ్యావ్ బీన్ గోయింగ్’ అవసరం పడే రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

సందేహాలపుట్ట
‘డిడ్ యు వెంట్’ ఎందుకు తప్పు? జరిగిపోయిన పనే కదా అడుగుతున్నాం.

పాతపలక
ఈ ప్రశ్నకు జవాబు తెలుగులోనే ఉంది. ‘వెళ్లాను’కు వ్యతిరేకం చెప్పండి.

సందేహాలపుట్ట
వెళ్లలేదు.

పాతపలక
‘వెళ్లాను లేదు’ అని ఎందుకనలేదు?

సందేహాలపుట్ట
అలా ఎవరంటారండీ, నవ్వుతారు.

పాతపలక
‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్నప్పుడు వాళ్లకు అలాగే ఉంటుంది. మనం ‘లేదు’ పెట్టగానే ‘వెళ్లాను’లోని కాలం ఊడిపోయి ‘వెళ్ల’ మిగులుతుంది. అక్కడా అంతే. ‘డిడ్’ రాగానే జరిగిపోయిన సంగతంతా అది మోస్తుంది, ‘వెంట్’ పోయి ‘గో’ మిగులుతుంది. ప్రశ్నలోనూ అదే, ‘డిడ్ యు గో?’. ‘డజ్’ వచ్చినా ఇదే కథ. ‘హీ గోస్’లోని ఆ చివరి సకారం ‘డజ్’ మీదికి ఎక్కేసింది కాబట్టి ‘డజ్ హీ గోస్’ అనకూడదు, ‘డజ్ హీ గో’ అనాలి.

మొదటిమెట్టు
‘వెళ్లాను లేదు’... ఇది ఇక జన్మలో మర్చిపోను.

గాలిపటం77
నా డౌట్ కాస్త పిచ్చిది. ‘హీ ఈజ్’, ‘షీ ఈజ్’ అని ఒక్కరికి ‘ఈజ్’ పెడతారు. మరి ఎదురుగా ఒక్కడే ఉన్నా ‘యు ఆర్’ ఎందుకు? ‘ఆర్’ బహువచనం కదా?

వేపచెట్టు
పిచ్చిది కాదు, మంచి ప్రశ్న. మీరు మీ మేనేజర్‌తో ‘మీరు వస్తున్నారా’ అంటారు కదా. ఆయన ఒక్కరే, క్రియ మాత్రం బహువచనం. ‘యు’ కూడా మొదట్లో పలువురికి వాడే మాటే. ఒక్కరికి ‘దౌ’ ఉండేది, మన ‘నువ్వు’ లాగా. మర్యాద కోసం ఒక్కరినీ ‘యు’ అనడం మొదలై, పోనుపోను మామూలు వాడుకలో ‘దౌ’ కనుమరుగైంది. అంటే ఇంగ్లీష్ వాళ్లు ‘నువ్వు’ను పారేసి అందరినీ ‘మీరు’ అంటున్నారు. ‘ఆర్’ అప్పటి మర్యాద తాలూకు గుర్తు.

ఈ మర్యాదే మనల్ని ఇంకోచోట పడేస్తుంది. ‘సార్ వచ్చారు’ అనే అలవాటులో ‘సర్ హ్యావ్ కమ్’ అంటాం. ‘హీ’ దగ్గర వాళ్లకు మర్యాద బహువచనం లేదు. ఎంత పెద్దమనిషైనా ‘హ్యాజ్ కమ్’.

రాత్రిచదువు
ఆర్టికల్స్ సంగతి ఎవరూ ఎత్తరేం? నాకు ఎ, యాన్, ది మూడూ ఉప్పులా చల్లడమే తెలుసు.

వేపచెట్టు
నిజానికి అందరికన్నా ఎక్కువ ఏడిపించేది అదే. మనకు ఆర్టికల్స్ లేవు కాబట్టి రావు అంటారు. నాకెందుకో ఆ మాట పూర్తిగా ఒప్పనిపించదు. వాటి పని మనమూ చేస్తాం, వేరే దారిలో.

‘ఒక కుక్కను చూశాను. ఆ కుక్క నిద్రపోతోంది.’ మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. ఇంగ్లీషులో మొదట ‘ఎ డాగ్’, తర్వాత ‘ది డాగ్’. ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ అని రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టండి. రెండోదాంట్లో ఏదో ఫలానా పుస్తకం ఉన్నట్టు అనిపించట్లేదూ? ప్రాణం లేని వస్తువులకు ఆ ‘ని’ తగిలిస్తే చాలాసార్లు ‘ది’ పని చేసిపెడుతుంది.

తేడా ఏంటంటే మనం ఇష్టముంటే పెడతాం, లేకపోతే వదిలేస్తాం. ఇంగ్లీషులో వదలడానికి లేదు. వినేవాడు ‘ఏది?’ అని అడగాల్సిన పనిలేకపోతే ‘ది’. గదిలో ఉన్న తలుపు ఒక్కటే, ‘తలుపు వెయ్యి’ అంటే ఎవరూ ‘ఏ తలుపు?’ అనరు, అందుకే ‘క్లోజ్ ది డోర్’. ‘క్లోజ్ ఎ డోర్’ అంటే ఏదో ఒక తలుపు వేసెయ్, నాకేం పట్టింపు లేదు అన్నట్టు.

అన్నిటికన్నా ఎక్కువ జారిపోయేది ‘ఆయన డాక్టర్’ లాంటి వాక్యం. మనకు రెండు మాటలే. ‘హీ ఈజ్ ఎ డాక్టర్’లో ‘ఈజ్’కు గానీ ‘ఎ’కు గానీ తెలుగులో జాడ కూడా లేదు. లేనిదాన్ని గుర్తుపెట్టుకుని పెట్టాలి, కష్టం అక్కడుంది.

సందేహాలపుట్ట
‘ఎ’కీ ‘యాన్’కీ తేడా నేను చెప్తా! పదాన్ని తెలుగులో రాసుకోవాలి. మొదటి అక్షరం అచ్చైతే ‘యాన్’, హల్లైతే ‘ఎ’. అవర్ (గంట) అంటే ‘అ’, కాబట్టి యాన్ అవర్. యూనివర్సిటీకి ‘య’ వచ్చింది, కాబట్టి ఎ యూనివర్సిటీ. ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూస్తే రెండూ తలకిందులుగా కనిపిస్తాయి, మన లిపిలో మాత్రం చక్కగా తేలిపోతాయి. సొంతంగా కనిపెట్టాను :)

గాలిపటం77
అయితే ‘ఎ యాక్టర్’, ‘ఎ యాక్సిడెంట్’ కరెక్టన్నమాట?

సందేహాలపుట్ట
...

పాతపలక
హహ. సందేహాలపుట్ట గారూ, దిగులు పడకండి, మీ పద్ధతి తొంభై పాళ్లు బాగుంది. చెయ్యాల్సింది చెవితో, కంటితో కాదు అన్నది పట్టుకున్నారు. చిక్కల్లా ఏమిటంటే, యాక్టర్‌లోని మొదటి ధ్వని ఇంగ్లీషులో అచ్చమైన అచ్చు. దానికి మన లిపిలో అక్షరం లేక ‘యా’తో సరిపెట్టుకున్నాం. రాసి రాసి నోట్లోకి కూడా ‘య’ వచ్చేసింది. నాలుక ‘య’ దగ్గరికి పోకుండా, నోరు ఒక్కసారిగా తెరిచి అనండి. అప్పుడు ‘యాన్ యాక్టర్’ దానంతటదే పడుతుంది. మనం ‘యమ్మెల్యే’ అనడం, ‘ఓల్డ్’ను ‘వోల్డ్’ అనడం కూడా ఈ బాపతే. అసలు ‘యాన్’ అని రాసుకున్న ఆ ముక్కలోనే మనం ‘య’ దూర్చేశాం చూడండి!

ఇంకో ముచ్చట. ‘యాన్’ మొదట ‘ఒకటి’ అనే మాటే. హల్లు ముందు చివరి నకారం అరిగిపోయి ‘ఎ’ మిగిలింది. మన సంధుల్లాగే అక్కడా పదాల మధ్య గీత చెరిగిపోతుంటుంది. ఏప్రన్ అనే మాట ఒకప్పుడు ‘నేప్రన్’. ‘ఎ నేప్రన్’ అని అంటుంటే జనం ‘యాన్ ఏప్రన్’ అని విడగొట్టుకున్నారు, ఆ నకారం ఇటు నుంచి అటు పోయి అక్కడే ఉండిపోయింది.

కిటికీపక్కన
చాన్నాళ్లుగా చదవడమే తప్ప రాయను. ఈ థ్రెడ్ చూశాక నా పరువు పోయిన కథ చెప్పాలనిపించింది. కొత్తగా చేరిన ఆఫీసులో మీటింగ్. మా సార్ ఫోన్ చేసి ‘రేపు నేను వస్తాను, చెప్పండి’ అన్నారు. నేను లోపలికెళ్లి ‘సర్ సెడ్ ఐ విల్ కమ్ టుమారో’ అన్నాను. అందరూ తలూపారు. మర్నాడు నా పేరు మీద కుర్చీ, బోర్డు, మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు! సార్‌కు మాత్రం కుర్చీ లేదు.

పాతపలక
పాపం! ‘వస్తానన్నారు’లో ఎవరు రావాలో తెలుగువాళ్లకు అనుమానం రాదు. అన్నవాడి మాటను అన్నట్టే ఉంచి ‘అని’ తగిలిస్తాం. ఇంగ్లీషులో కోట్స్ లేకుండా చెబితే ‘ఐ’ అంటే చెబుతున్న మీరే అయిపోతారు. ‘సర్ సెడ్ హీ వుడ్ కమ్’ అని ఆయన్ని ‘హీ’ చెయ్యాలి. ‘విల్’ అలాగే ఉంచినా ఫరవాలేదు, మీటింగ్ ఇంకా ముందుంది కదా. కొంపముంచింది ‘ఐ’.

రాత్రిచదువు
అవును-కాదు తికమక కూడా చెప్పండి. ఫోన్లో ‘డిడ్ంట్ యు గెట్ ది లెటర్?’ అంటే ‘యెస్’ అన్నాను, ‘అవును, రాలేదు’ అని నా ఉద్దేశం. వచ్చిందనుకుని పెట్టేశారు.

వేపచెట్టు
మనం అడిగినవాడి మాట నిజమా కాదా అన్నదానికి జవాబిస్తాం. వాళ్లు జరిగిందా లేదా అన్నదానికి ఇస్తారు. ఉత్తరం రాలేదు, కాబట్టి ‘నో, ఐ డిడ్ంట్’. అడిగిన తీరు ఎలా ఉన్నా, లేదంటే నో.

‘కదా’ కూడా ఇంతే. మనకు ఒక్క ‘కదా’ ఊరందరికీ సరిపోతుంది. అందుకే అన్నిటికీ ‘ఈజ్ంట్ ఇట్’ తగిలిస్తాం. వాళ్లది వాక్యాన్ని బట్టి మారుతుంది, ‘యు ఆర్ కమింగ్, ఆరంట్ యు?’

‘డిస్కస్ అబౌట్’, ‘మ్యారీడ్ విత్’ అనేవి మన ‘గురించి’, ‘తో’ల చలవ. డిస్కస్ తర్వాత ఏమీ వద్దు, మ్యారీడ్ తర్వాత ‘టు’. వీటికి లాజిక్ వెతక్కండి, మాటతో పాటే కంఠస్థం చెయ్యడమే.

మొదటిమెట్టు
వారం తర్వాత వచ్చాను. ప్రాక్టీసుకు నాలుగు వాక్యాలు రాశాను, దయలేకుండా దిద్దండి.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్. మై ఎల్డర్ బ్రదర్ ఈజ్ ఇంజనీర్. హీ లివ్స్ ఎలోన్ ఫర్ ఫైవ్ ఇయర్స్. హీ గేవ్ మీ మెనీ అడ్వైసెస్.’

సందేహాలపుట్ట
నేను ముందు! ‘ఈజ్ యాన్ ఇంజనీర్’. ‘ఇ’ అచ్చు, ఈసారి పక్కా.

వేపచెట్టు
కరెక్ట్. మొదటి వాక్యం ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’. తమ్ముడో అన్నో ఉండటం జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి. ‘నో’ (తెలుసు అనే అర్థంలో), ‘లైక్’, ‘బిలాంగ్’ కూడా ఇదే వరస, ‘ఐ యామ్ నోయింగ్’ అనరు. మూడోదాంట్లో ‘ఫర్’ సరిగ్గా పడింది, క్రియ మారాలి. ‘హీ హ్యాజ్ లివ్డ్ ఎలోన్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. ‘హ్యాజ్ బీన్ లివింగ్’ అన్నా సరే.

పాతపలక
చివరిది తెలుగు లెక్క. మనకు సలహాలు ఒకటి, రెండు, పది. ఇంగ్లీషులో ‘అడ్వైస్’ నీళ్లలాంటిది, లెక్కపెట్టరు. ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’ అనండి. ఒకే ఒక్క సలహా అయితే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. ‘లగేజ్’, ‘ఫర్నిచర్’, ‘ఇన్ఫర్మేషన్’ కూడా ఈ జాతే.

గాలిపటం77
నేను కూడా ‘ఫర్నిచర్స్’ బ్యాచే. ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు, అందరూ తలూపారు.

మొదటిమెట్టు
అప్‌డేట్. నిన్న సెలవు అడుగుతూ మెయిల్ పెట్టాను. ‘ఐ హ్యావ్ నాట్ టేకెన్ లీవ్ ఫర్ సిక్స్ మంత్స్’ అని రాసి, ‘ఆరు నెలలు మొదలుకొని’ అని రెండుసార్లు అనుకుని, కుదరదని తేల్చుకున్నాకే సెండ్ కొట్టాను. మేనేజర్ నుంచి ఒక్క లైన్ వచ్చింది, ‘గ్రాంటెడ్. ఎంజాయ్ ది బ్రేక్.’ సెలవు కన్నా ఆ ‘ది’ ఎందుకు పెట్టారో చూడగానే తెలిసినందుకు ఎక్కువ సంతోషమేసింది. ఏ బ్రేక్ అని నేను అడగక్కర్లేదు కదా.

సందేహాలపుట్ట
శుభాకాంక్షలు! మరి ‘ఐ యామ్ ఆన్ లీవ్’ అన్నప్పుడు ‘లీవ్’ ముందు ‘ఎ’ గానీ ‘ది’ గానీ ఎందుకుండదు?

పాతపలక
దానికి వేరే థ్రెడ్ తెరవండి, రేపు పొద్దున వచ్చి చూస్తాను.